పిల్లలొచ్చారు, పెద్దలేరీ?

1980 ఫిబ్రవరి 16, శనివారం మధ్యాహ్నం. సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ కర్ణాటక తీరంలో నేల మీదికెక్కి, తెలుగు ఊళ్ళ మీదుగా పరుగెత్తి, ఒడిశా తీరాన మళ్ళీ సముద్రంలోకి దిగింది. హైదరాబాదుకు చేరువలో ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్–రంగాపూర్ వేధశాల సరిగ్గా ఆ దారిలోనే పడింది. ఎక్కడెక్కడి ఖగోళ శాస్త్రజ్ఞులో పరికరాలు మోసుకుని అక్కడికి చేరారు. రెండు నిమిషాల చీకటి కోసం ఎంతో ముందునుంచి ఏర్పాట్లు చేసుకున్నారు. అదే సమయానికి నగరంలో వీధులు కర్ఫ్యూ పెట్టినట్టు ఖాళీ. గర్భిణులను గదుల్లో కదలకుండా పడుకోబెట్టారు. నీళ్ళ బిందెల మీద, ఊరగాయ జాడీల మీద దర్భలు వేశారు. జనం బయటికొచ్చి కళ్ళు పోగొట్టుకుంటారన్న భయంతో దూరదర్శన్ సినిమా వేసి అందర్నీ ఇళ్ళలోనే కూర్చోబెట్టింది.

పరిశోధన మన గుమ్మం ముందుకొచ్చి నిలబడిన రోజది. తలుపు లోపల గడియ పడి ఉంది. గడియ పెట్టినవాళ్ళను మూఢులని తిట్టడం తేలిక. గుమ్మం దాకా వచ్చిన శాస్త్రం తలుపు తట్టిందా, తట్టినా లోపలివాళ్ళకు అర్థమయ్యే మాటల్లో పిలిచిందా అన్నది అంతకంటే ఇబ్బందికరమైన ప్రశ్న.

సైన్స్ ఫెస్టివళ్ళు, సైన్స్ సంబరాలు, ప్రయోగశాలల ఓపెన్ డేలు, కళాజాతాలు, విజ్ఞాన మేళాలు – పేరేదైనా ఇవన్నీ తలుపు తట్టే ప్రయత్నాలే. గత నలభై యాభై ఏళ్ళలో ప్రపంచమంతటా ఇవి లెక్కకు మిక్కిలి పుట్టుకొచ్చాయి. ఇవి ఎవరికి చేరుతున్నాయి, ఏం మిగులుస్తున్నాయి, మన దగ్గర వీటి పరిస్థితేమిటి అని ఒకసారి కూడికలూ తీసివేతలూ వేసి చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. పాశ్చాత్య దేశాల ఉత్సవాలకు కుటుంబాలు కుటుంబాలుగా వస్తారు, కానీ వచ్చేవి ఎక్కువగా చదువూ సంపదా ఉన్న కుటుంబాలు. మన దగ్గర సర్కారు బడి పిల్లలు సైతం బస్సుల్లో వస్తారు, కానీ వాళ్ళ అమ్మానాన్నలు రారు. అక్కడా సగమే, ఇక్కడా సగమే. కాకపోతే లోటుపడిన సగాలు వేరు.

రెండు వంశవృక్షాలు

ఈ ఉత్సవాలకు రెండు వంశాలున్నాయి. మొదటిది ప్రయోగశాలలోంచి బయటికి నడిచిన వంశం. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ 1825లో క్రిస్మస్ ఉపన్యాసాలు మొదలుపెట్టింది. మైకేల్ ఫారడే ఒక్కడే పంతొమ్మిది క్రిస్మసుల పాటు పిల్లల ముందు నిలబడి మాట్లాడాడు. వాటిలో అన్నిటికంటే పేరుబడింది ఒక కొవ్వొత్తి గురించి చెప్పింది. రోజూ ఇంట్లో వెలిగించే వస్తువును తీసుకుని, అదెందుకు వెలుగుతుందో, కరిగిన మైనం ఎక్కడికి పోతుందో అడుగుతూ పోయాడు. 1831లో యార్క్ నగరంలో పుట్టిన బ్రిటిష్ అసోసియేషన్ మరో పని చేసింది. ఏటా ఒక్కో ఊళ్ళో శాస్త్రజ్ఞుల సభ పెట్టి ఆ ఊరివాళ్ళనూ రమ్మంది. పరిణామవాదం మీద 1860లో హక్స్‌లీకి, బిషప్ విల్బర్‌ఫోర్స్‌కి మధ్య జరిగిన వాగ్వాదం ఆ సభల్లోదే. మన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ 1914లో ఆ నమూనా చూసుకునే మొదలైంది.

అయితే నగరమంతా పండగలా జరుపుకునే నేటి ఫెస్టివల్‌కు 1989 నాటి ఎడిన్‌బరో ఉత్సవాన్ని మొదటిదిగా చెబుతారు. తర్వాత 1994లో ఇంగ్లండ్ కేంబ్రిడ్జి, 2003లో ఇటలీలోని జెనోవా, 2007లో అమెరికా కేంబ్రిడ్జి ఆ బాట పట్టాయి. 2005 నుంచి యూరప్ దేశాల్లో సెప్టెంబరు చివర ఒక శుక్రవారం 'పరిశోధకుల రాత్రి' జరుపుతున్నారు. 2009లో అమెరికాలో కొన్ని ఉత్సవాలు కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. మరుసటి ఏడాది వాషింగ్టన్ నేషనల్ మాల్ మైదానంలో, పార్లమెంటు భవనం కనుచూపు మేరలో, గుడారాలు వేసి సైన్సు తిరునాళ్ళు చేశారు.

ఇంత ఉధృతి ఎందుకొచ్చింది? సగం కారణం ఉత్సాహం, సగం కారణం భయం. 1985లో రాయల్ సొసైటీ ఒక నివేదికలో, జనానికి సైన్సు అర్థమయ్యేలా చెప్పడం శాస్త్రజ్ఞుల విధి అని తేల్చింది. జనానికి తెలియదు కాబట్టి నమ్మడం లేదు, తెలిస్తే నమ్ముతారు అన్నది దాని వెనకున్న లెక్క. ఆ లెక్క ఎంత తప్పో పిచ్చావు రోగం నేర్పింది. 1990లో బ్రిటన్ వ్యవసాయ మంత్రి జాన్ గమ్మర్, గొడ్డుమాంసం భేషైనదని చాటడానికి కెమెరాల ముందు తన నాలుగేళ్ళ కూతురి నోటికి బర్గర్ అందించాడు. ఆరేళ్ళు తిరిగేసరికి ఆ రోగం మనుషులకూ సోకుతోందని అదే ప్రభుత్వం ఒప్పుకోవాల్సి వచ్చింది. అక్కడ కొరవడింది జనానికి జ్ఞానం కాదు, పెద్దల మాట మీద జనానికి నమ్మకం. 2000లో ఆ దేశపు ప్రభువుల సభ ఇచ్చిన నివేదిక బోధన బదులు సంభాషణ కావాలంది. ఉత్సవాలకు అప్పటినుంచి కొత్త బాధ్యత నెత్తికెక్కింది: చూపించడమే కాదు, వినడం కూడా.

రెండో వంశం మనది. అది ప్రయోగశాలలో కాక వీధిలో పుట్టింది. కేరళలో సైన్సు రచయితలు 1962లో పెట్టుకున్న శాస్త్ర సాహిత్య పరిషత్తు, 1980లో పాటలూ వీధి నాటకాలతో శాస్త్ర కళాజాతా మొదలుపెట్టింది. 1987లో భారత జన విజ్ఞాన జాతా అక్టోబరు 2న దేశంలో అయిదు దిక్కుల నుంచి బయలుదేరి, సి.వి. రామన్ పుట్టినరోజైన నవంబరు 7కి భోపాల్ చేరింది. విషవాయువు వేలమందిని బలిగొని మూడేళ్ళయినా కాని నగరాన్ని గమ్యంగా పెట్టుకోవడంలోనే ఆ జాతా చెప్పదలచింది ఉంది. సైన్సు అద్భుతం మాత్రమే కాదు, లెక్క అడగాల్సిన విషయం కూడా. రామన్ ఎఫెక్ట్ వెల్లడైన ఫిబ్రవరి 28ని జాతీయ విజ్ఞాన దినోత్సవంగా జరపడం మొదలైందీ ఆ ఏడాదే. మరుసటి ఏడాది మన దగ్గర జన విజ్ఞాన వేదిక ఏర్పడింది. అది నడిపే 'చెకుముకి' పత్రిక, ఏటా బళ్ళలో జరిగే చెకుముకి సైన్స్ సంబరాలు, గ్రహణం రోజున నలుగురి మధ్య నిలబడి తిని చూపించే కార్యక్రమాలు తెలుగు ఊళ్ళకు కొత్తవేమీ కాదు. 1993 నుంచి జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ పదేళ్ళ నుంచి పదిహేడేళ్ళ పిల్లల్ని తమ ఊరి సమస్య మీద, తమ భాషలో, సొంతంగా పరిశీలన చేసి రమ్మంటోంది.

మొదటి వంశం శాస్త్రజ్ఞుణ్ణి జనానికి చూపించాలనుకుంది. రెండోది జనాన్ని శాస్త్రీయంగా ఆలోచించమంది. 1976లో రాజ్యాంగంలో చేరిన ప్రాథమిక విధుల్లో శాస్త్రీయ దృష్టి కూడా ఒకటి కాబట్టి ఆ పిలుపుకు రాజ్యాంగ బలమూ ఉంది. ఒకదానిలో పరిశోధన ఉంది, ఊరు పలుచన. రెండోదానిలో ఊరు ఉంది, పరిశోధకుడు పలుచన.

అరటిపండులో దారాలు

హైదరాబాదులో తార్నాక నుంచి ఉప్పల్ దాకా వెళ్ళే రోడ్డు దేశంలోనే అరుదైనది. రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీ, పోషకాహార సంస్థ ఎన్ఐఎన్, కణజీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ, భూభౌతిక సంస్థ ఎన్‌జీఆర్‌ఐ – అన్నీ ఆ చుట్టుపక్కలే. మామూలు రోజుల్లో వాటి గోడలు చూసుకుంటూ బస్సులో పోవడమే. సీఎస్ఐఆర్ పుట్టిన సెప్టెంబరు 26కో, ఫిబ్రవరి 28కో ఓపెన్ డే పెట్టినప్పుడు ఆ గేట్లు తెరుచుకుంటాయి. బడి బస్సులు వరస కడతాయి.

ఇలాంటి రోజుల్లో, ఏ దేశంలోనైనా, తప్పకుండా కనిపించే బల్ల ఒకటుంది. అరటిపండు నలిపి, నీళ్ళలో కలిపి, కాస్త గిన్నెలు తోమే సబ్బు, చిటికెడు ఉప్పు వేస్తారు. వడకట్టి, పైనుంచి చల్లటి ఆల్కహాలు మెల్లగా గాజు గొట్టం గోడ వెంట జారవిడుస్తారు. రెండు పొరలు కలిసేచోట తెల్లటి దారాలు తేలుతాయి. అదే డీఎన్ఏ. సబ్బు కణం చుట్టూ ఉన్న కొవ్వు పొరను చెదరగొడుతుంది, జిడ్డు గిన్నెను తోమినట్టే. ఉప్పు డీఎన్ఏ పోగుల్ని ఒకదాన్నొకటి దూరం తోసుకోకుండా చేస్తుంది. ఆల్కహాలులో డీఎన్ఏ కరగదు కాబట్టి విడిపోయి పైకి వస్తుంది. ఇందులో వాడినవన్నీ, ఆల్కహాలు తప్ప, వంటింట్లో ఉన్నవే. పుస్తకంలో మెలితిరిగిన నిచ్చెనలా చూసిందాన్ని పుల్లకు చుట్టి పైకి తీసినప్పుడు పిల్లల మొహాల్లో వచ్చే వెలుగు నిజమైనదే, దాన్ని తక్కువ చేయక్కర్లేదు.

కానీ అది పరిశోధన అవునా? ఆ దారాలు తేలుతాయని బల్ల వెనకున్న అమ్మాయికి ముందే తెలుసు. తన అసలు పని గదిలో, ప్రయోగాలకు పెంచే ఈగల సీసాల మధ్య, ఆరు నెలలుగా రాని ఫలితం కోసం ఆమె తల పట్టుకుని కూర్చుంటోంది. ఆ ఆరు నెలల కథ ఉత్సవంలో ఎక్కడా కనిపించదు. బేకింగ్ సోడా అగ్నిపర్వతాలు, మంచుపొగలు కక్కే ద్రవ నత్రజని, జుట్టు నిక్కబొడుచుకునేలా చేసే వాన్ డి గ్రాఫ్ యంత్రం – అన్నీ కచ్చితంగా పనిచేసేవే బయటికొస్తాయి. వీటిని చూసి వెళ్ళిన పిల్లకి సైన్సంటే ఎప్పుడూ గురి తప్పని గారడీ అనిపిస్తే తప్పు ఆ పిల్లది కాదు. పరిశోధన నడిచేదే 'తెలీదు' అన్న మాట మీద. ఉత్సవాల్లో అన్నిటికంటే తక్కువగా వినిపించేది కూడా ఆ మాటే.

దీన్ని గుర్తించిన ప్రయత్నాలు లేకపోలేదు. ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో తెరిచిన ఎక్స్‌ప్లొరటోరియంలో 'ముట్టుకోకండి' అన్న బోర్డులకు చోటివ్వలేదు. ముట్టుకుని, తిప్పి, పాడుచేసి చూస్తేనే తెలుస్తుందన్నాడు. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం 2014లో వెల్లడించిన ఫోల్డ్‌స్కోప్ కాగితాన్ని మడిచి చేసుకునే సూక్ష్మదర్శిని. అందులో ఇంటి వెనకాల నీటిగుంట చుక్క పెట్టి చూసే పిల్లకి ఏం కనిపిస్తుందో పక్కనున్న పరిశోధకుడికి కూడా ముందుగా తెలియదు. ఆ క్షణంలో ఇద్దరూ ఒకే మెట్టు మీద ఉంటారు.

ఎవరొస్తున్నారు, ఎవరు రావడం లేదు

ఉత్సవ నిర్వాహకుల నివేదికల్లో మొదటి అంకె జనసంఖ్య. ఎన్ని వేలమంది వచ్చారన్నది ఫొటోలతో సహా ఉంటుంది. ఆ వేలమంది ఎవరన్నది అడిగినవాళ్ళు తక్కువ. 2018లో కెనెడీ, జెన్సన్, వెర్బెకే అనే పరిశోధకులు బ్రిటన్ ఉత్సవాల ప్రేక్షకులను పరిశీలించి ప్రచురించిన వ్యాసం ఆ పని చేసింది. వచ్చేవాళ్ళలో ఉన్నత విద్యావంతులు, ఆదాయం బాగా ఉన్నవాళ్ళు, అప్పటికే సైన్సంటే ఇష్టమున్నవాళ్ళు జనాభాలో వాళ్ళ వాటా కంటే ఎక్కువగా ఉన్నారు. మన మాటల్లో చెప్పాలంటే, భక్తులకే హరికథ చెబుతున్నారు.

లండన్ కింగ్స్ కాలేజీలో లూయీస్ ఆర్చర్ బృందం 2009లో మొదలుపెట్టిన ఆస్పైర్స్ అధ్యయనం ఈ ముడిని మరోవైపు నుంచి విప్పింది. పదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల్ని ఏళ్ళ తరబడి అడుగుతూ వచ్చారు. ఎక్కువమందికి సైన్సు పాఠం ఇష్టమే. శాస్త్రజ్ఞులం కావాలనుకున్నది మాత్రం నూటికి పదిహేనుమంది. ఇష్టం ఉండీ ఆశ ఎందుకు లేదు? ఇంటి దగ్గర సైన్సు మాటలు దొర్లుతాయా, సైన్సు పని చేసే చుట్టమో తెలిసినవాళ్ళో ఉన్నారా, 'అది మనలాంటి వాళ్ళకే' అనిపిస్తుందా – వీటన్నిటినీ కలిపి ఆమె 'సైన్స్ పెట్టుబడి' అంది. పొలం, బంగారం లాగానే ఇదీ ఇంట్లో తరం నుంచి తరానికి అందే ఆస్తి. అది లేని ఇంటి పిల్ల ఉత్సవంలో ఎంత మురిసిపోయినా, అది వేరేవాళ్ళింటి పెళ్ళిలో తిన్న విందులా మిగులుతుంది.

ఇప్పుడు మన బస్సుల దగ్గరికి రండి. మన ఓపెన్ డే, మన విజ్ఞాన దినోత్సవం ఎక్కువగా బడి చుట్టూ అల్లుకున్నవి. పనిరోజు వస్తే పిల్లల్ని మాస్టారు వరసలో నడిపిస్తాడు. పిల్లలు నోట్సు రాసుకుంటారు, ఎందుకంటే మర్నాడు వ్యాసం రాయాలి. వైజ్ఞానిక ప్రదర్శనలో థర్మోకోల్ నమూనా పక్కన నిలబడ్డ పిల్లాడు బట్టీపట్టిన నాలుగు వాక్యాలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి, జడ్జిగారి మొహంలోకి చూస్తాడు. అమ్మ ఆ పూట మిషను కుట్టుకుంటోంది, నాన్న ఆటో తోలుతున్నాడు. సాయంత్రానికి వాట్సప్‌లో ఫొటో చేరుతుంది. బస్సు వల్ల పేద పిల్లలకూ అందిందన్నది మన విధానంలో గొప్ప గుణం, బ్రిటన్‌వాళ్ళు అసూయపడాల్సిన సంగతి. ఆ బస్సులోనే ఇంటివాళ్ళకు చోటు లేకపోవడం దాని పెద్ద లోటు. పిల్లల్లో ఆశ నిలబడేది ఇంటిమాట మీదైతే, ఇంటిని వదిలేసిన ఉత్సవం పునాది వదిలేసి గోడ కడుతున్నట్టే.

సొంత ప్రశ్న ఉన్నవాళ్ళు

పెద్దవాళ్ళు తమంత తాముగా వచ్చే సైన్సు పండగ మన దగ్గర ఒకటుంది. దాన్ని సైన్సు పండగని ఎవరూ అనరు. అది రైతు మేళా. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, పరిశోధన కేంద్రాలు పెట్టే మేళాకి రైతు పనిమాలా వస్తాడు. కొందరు తెగులు తగిలిన ఆకు తుంచి జేబులో పెట్టుకుని మరీ వస్తారు. దోమపోటు, ఉల్లికోడు, అగ్గితెగులు, ఎండాకు తెగులు అని తన పేర్లతో అడుగుతాడు. శాస్త్రజ్ఞుడు ఆ పేర్లు నేర్చుకోక తప్పదు. వాదన కూడా జరుగుతుంది – మీరు చెప్పిన మందు కొట్టాం, పని చేయలేదు అని నిలదీసేవాళ్ళుంటారు. సొంత ప్రశ్న ఉన్నవాడికి టిక్కెట్టూ పిలుపూ అక్కర్లేదు. నగరంలో సైన్సు ఉత్సవం చేసేవాళ్ళు రైతు మేళా నుంచి నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఇదే.

ఒక ఉదాహరణ మన కంచంలోనే ఉంది. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరి, బీపీటీ 5204, తెలుగువాళ్ళ అన్నానికి మారుపేరైంది. సన్నగా, మెత్తగా ఉంటుంది, కానీ బ్యాక్టీరియా ఎండాకు తెగులుకు లొంగిపోతుంది. సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి, ఆ తెగులును తట్టుకునే మూడు జన్యువులను మామూలు సంకరంతోనే అందులోకి తెచ్చారు. ఏ మొక్కలోకి ఆ జన్యువులు వచ్చాయో డీఎన్ఏ గుర్తుల సాయంతో కనిపెడుతూ, తరం తరువాత తరం ఏరుకుంటూ పోయారు. అలా వచ్చిన మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. ఈ బియ్యంతో వండిన అన్నం గ్లైసీమిక్ సూచిక తక్కువని తర్వాతి పరీక్షల్లో తేలింది.

అరటిపండు బల్ల పక్కనే ఈ అన్నం గిన్నె పెడితే ఏమవుతుంది? పిల్ల వెంట వచ్చిన నాయనమ్మ ఆగుతుంది. 'ఇది తింటే షుగరు పెరగదంటావా అమ్మా?' అంటుంది. 'తక్కువ పెరుగుతుంది మామ్మగారూ, అసలు పెరగదని మాత్రం చెప్పను' అని పరిశోధకురాలు అనాల్సి వస్తుంది. 'మరి గంజి వారిస్తే? రాత్రి చద్దన్నం పొద్దున తింటే?' అంటుంది నాయనమ్మ. ఇక్కడిదాకా వచ్చేసరికి ప్రదర్శన అయిపోయి పరిశోధన మొదలైంది. అరటిపండు దారాలకు, ఈ గిన్నెలో అన్నానికి ఉన్న చుట్టరికం అప్పుడు చెబితే ఆమె వింటుంది, మనవరాలు ఆమె మొహం చూస్తూ వింటుంది.

జనం ఉన్నచోటికి

రెండో పాఠం చోటు గురించి. ప్రయోగశాల గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో పేరు రాయించి, సంతకం పెట్టి లోపలికి రావడమంటేనే కొన్ని కాళ్ళు వెనక్కి లాగుతాయి. అందుకే ఉత్సవాన్ని జనం ఉన్నచోటికే తీసుకెళ్ళే ప్రయత్నాలు పలుచోట్ల జరిగాయి. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు ఉత్సవం బేస్‌బాల్ మైదానాన్ని వేదిక చేసుకుంది. 2011లో లండన్‌లో మొదలైన సోప్‌బాక్స్ సైన్స్‌లో మహిళా శాస్త్రజ్ఞులు నడివీధిలో పెట్టె మీద నిలబడి తమ పని చెబుతారు. దారిన పోయేవాళ్ళు ఆగి అడుగుతారు. ఎడిన్‌బరోవాళ్ళు సైన్సు ప్రదర్శనలను వ్యానుల్లో ప్రాథమిక బడులకు తిప్పుతారు.

ఆ మాటకొస్తే మనకు కుప్పం ఉంది. 1999లో ఏర్పడిన అగస్త్య ఫౌండేషన్ అక్కడ 172 ఎకరాల ఆవరణలో సైన్సు కేంద్రం పెట్టి, ప్రయోగ పరికరాలు నింపిన వ్యానులను పల్లె బడులకు పంపుతోంది. దాని మేళాల్లో బల్ల వెనక నిలబడి వివరించేది సర్కారు బడి పిల్లలే. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం అక్టోబరు 4 నుంచి 10 దాకా జరిగే ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలకు రాకెట్ల నమూనాలు తీసుకుని తెలుగు ఊళ్ళకు వస్తుంది.

ఇంకా వాడుకోని వేదికలున్నాయి. హైదరాబాద్ నుమాయిష్‌నే తీసుకోండి. దాన్ని 1938లో మొదలుపెట్టింది వ్యాపారులు కారు, ఉస్మానియా పట్టభద్రులు. సంస్థానంలో ఆర్థిక సర్వే చేయడానికి డబ్బు కావాలి, దానికోసం పబ్లిక్ గార్డెన్స్‌లో స్థానిక వస్తువుల ప్రదర్శన పెట్టారు. అంటే పరిశోధన కోసం పుట్టిన తిరునాళ్ళ అది. నాంపల్లి మైదానంలో ఈనాటికీ జనవరి ఒకటి నుంచి నెలన్నర పాటు పాతబస్తీ నుంచీ, శివార్ల నుంచీ సంసారాలు సంసారాలే కదిలొస్తాయి. కాశ్మీరు శాలువల కొట్టుకూ, మిర్చి బజ్జీల బండికీ మధ్య ఒక పోషకాహార సంస్థ బల్ల, ఒక భూకంపాల బల్ల సాయంత్రాలు నడిస్తే, ఎవరూ సంతకం పెట్టకుండానే పెద్దలు ఆగుతారు. నుమాయిష్ పుట్టుకకు అది ఋణం తీర్చుకోవడం కూడా అవుతుంది.

వేదిక మీద ఎవరు, జేబు ఎవరిది

జనం వస్తే చాలదు. తిరిగి అడిగే వీలుండాలి. ఆ వీలు లేనిచోట సైన్సు పేరుతో ఏదైనా చెల్లుతుంది. 2015 ముంబయి సైన్స్ కాంగ్రెస్‌లో ప్రాచీన విమానాల గురించి పత్రం చదివారు. 2019లో జలంధర్‌లో ఏకంగా పిల్లల కోసం పెట్టిన సభలోనే కౌరవులు టెస్ట్‌ట్యూబ్ శిశువులని ఒక విశ్వవిద్యాలయం ఉపకులపతి ప్రకటించారు. దేశంలోని శాస్త్రజ్ఞులు గట్టిగానే ఖండించారు. కానీ ఆ సభలో కూర్చున్న పిల్లల్లో ఎవరికైనా లేచి 'ఎలా తెలుసండీ?' అని అడగాలనిపించినా అడిగే చోటు లేదు. మైకు ఒకటే, అది పెద్దాయన చేతిలో ఉంది. పుక్కిటి పురాణాన్నీ పరిశోధన ఫలితాన్నీ ఒకే స్వరంతో, ఒకే వేదిక మీంచి, ఒకే దిక్కుగా చెబితే వినేవాళ్ళకు రెండిటికీ తేడా తెలిసే దారి లేదు.

డబ్బు సంగతి కూడా ఇలాంటిదే. గుడారాలకు, బస్సులకు ఖర్చవుతుంది. ఇచ్చే చేతికి తన లెక్క ఉంటుంది. ఎడిన్‌బరో ఉత్సవం 2019లో చమురు, గ్యాస్ కంపెనీల ప్రాయోజకత్వం వద్దనుకుంది. వాతావరణ మార్పు గురించి చెప్పే గుడారం మీద చమురు కంపెనీ పేరుంటే వినేవాళ్ళు ఏది నమ్మాలి? మన దగ్గర ఎక్కువ ఖర్చు ప్రభుత్వానిదే. దానికీ ఒక ఇబ్బంది ఉంది. జన్యుమార్పిడి పంటలు, గనులు, నదిలో కలిసే ఫార్మా వ్యర్థాలు వంటివి పరిశోధన నిజంగా పనికొచ్చే వివాదాలు. అవి ఓపెన్ డే బల్లల మీదికి ఎక్కవు. ఇంటివాళ్ళు నిజంగా అడగాలనుకునేవి అవే.

అడగనిస్తే ఏమవుతుందో నెల్లూరు చూపించింది. 1990ల తొలినాళ్ళలో జన విజ్ఞాన వేదిక కార్యకర్తలూ ముమ్మరంగా పాల్గొన్న అక్షరాస్యత ఉద్యమంలో, సారా చుట్టూ అల్లిన పాఠం చదువుకున్న దూబగుంట ఆడవాళ్ళు ఆ పాఠాన్ని పుస్తకంలో ఉండనివ్వలేదు. ఊళ్ళో సారా కొట్టు మూయించారు. అది జిల్లాకూ రాష్ట్రానికీ పాకింది, 1993లో సారా నిషేధం వచ్చింది. పాఠం రాసినవాళ్ళు ఊహించని మలుపది. జ్ఞానం నిజంగా ఇంట్లోకి వెళ్తే ఇల్లు తనకు కావలసిన ప్రశ్న తనే ఎంచుకుంటుంది. ఉత్సవం చేసేవాళ్ళకు ఆ భయం ఉంటే ఉండవచ్చు. ఆ భయంతోనే చేయాలి.

మర్నాడు

ఒక్క రోజు ఉత్సవం మనుషుల్ని మారుస్తుందని నమ్మడం కష్టం. గేటు దగ్గర నింపించుకున్న కాగితాల్లో అందరూ 'బాగుంది' అనే రాస్తారు. ఆ మర్నాటికి ఏదో ఒక పని ఇంటికి వెళ్ళాలి. ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు ప్రపంచమంతటా జరిగే పక్షుల లెక్క అలాంటిది. పెరట్లోనో డాబా మీదో పదిహేను నిమిషాలు నిలబడి కనిపించిన పిట్టల్ని లెక్కపెట్టి పంపితే చాలు, అది పరిశోధకులు వాడుకునే సమాచారమవుతుంది. మన దేశంలో 2013 నుంచి జరుగుతోంది. అందులో పిల్లకు కంటిచూపు ఉంటుంది, తాతకు పేర్లు తెలిసుంటాయి – జెముడుకాకి, పాలపిట్ట, గిజిగాడు. ఏ పిట్ట కనిపించడం మానేసిందో చెప్పగలిగింది తాతే.

అందుకని మన ఉత్సవాలు మార్చుకోవాల్సినవి పెద్ద పెద్దవేమీ కాదు. పనిరోజు కాకుండా ఆదివారం సాయంత్రం పెట్టాలి. బస్సులో పిల్లతో పాటు ఇంట్లోంచి ఒకరికి సీటివ్వాలి. పనిచేసే ప్రయోగంతో పాటు పనిచేయనిదాన్నీ ఒక బల్ల మీద పెట్టాలి. పోస్టర్ మీద తెలుగు పాఠ్యపుస్తకం తెలుగు కాక, అడిగేవాళ్ళ తెలుగు ఉండాలి. ఇంటికెళ్ళేటప్పుడు చేతిలో కరపత్రం బదులు ఒక పని ఉండాలి.

ఈ లెక్క సరిచూసుకునే తేదీ ఆకాశంలో ముందే ఖరారైంది. 2031 మే 21న వలయాకార సూర్యగ్రహణం కేరళ, తమిళనాడుల మీదుగా సాగుతుంది. తెలుగు రాష్ట్రాల్లో సూర్యుడు పెద్ద భాగమే కొరుక్కుపోయి కనిపిస్తాడు. చాలా బడులకు అవి వేసవి సెలవులు. బస్సులుండవు, వరసలుండవు, మాస్టారుండరు. ఆ పూట పిల్లలు ఇళ్ళలోనే, పెద్దవాళ్ళ దగ్గరే ఉంటారు. గ్రహణపు కళ్ళద్దాలు పట్టుకుని డాబా ఎక్కబోయే పిల్లను అమ్మ ఆపుతుందో, తనకూ ఒకటి ఇమ్మంటుందో చూడాలి.